మనుషుల్లేని దీవికి పోదామంటే, ఏ దీవి?

మిర్యాలగూడ నుంచి మా బావ ఫోన్. "బావా, ఈసారి గోవా వద్దు, ఊటీ వద్దు. మనిషన్నోడు లేని దీవికి పోదాం. సుట్టూ సముద్రం, నడుమ అడవి, పక్షులు, జంతువులు. నువ్వు సైన్సు సారువే గదా, ఏది మంచిదో చూసి చెప్పు."

నేను మహబూబ్‌నగర్‌లో సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. బైనాక్యులర్స్ మెడలో వేసుకొని చెరువు కట్టల మీద తిరిగే అలవాటు ఒకటి ఉంది కాబట్టి ఇలాంటి ఫోన్లు ఏడాదికి నాలుగైదు వస్తాయి. అందరికీ ముందు ఒకటే ప్రశ్న వేస్తాను: "దీవి మీద కాలు పెట్టాలా, జీవాలను చూడాలా?" రెండూ అన్నాడు బావ. అందరూ అదే అంటారు. చిక్కు అక్కడే ఉంది.

ఏదైనా దీవిలో పక్షులు నేల మీదే గుడ్లు పెట్టి నిమ్మళంగా కూర్చున్నాయంటే అక్కడ మనిషి లేడని ఒక్కటే కాదు, మనిషి వెంట ఓడెక్కి వచ్చే ఎలుక, పిల్లి, మేక కూడా లేవని అర్థం. తరతరాలుగా శత్రువు ముఖం చూడని జీవాలకు పారిపోవడం రాదు. మారిషస్‌లో డోడో పక్షి సంగతి తెలిసిందే. ఓడలు రావడం మొదలయ్యాక 17వ శతాబ్దం ముగిసేలోపే జాతికి జాతే పోయింది. అందుకని జీవాలు నిజంగా దండిగా ఉన్న దీవుల్లో చాలావాటి మీద మనల్ని దిగనివ్వరు. దిగనిచ్చే చోట జీవాలు అంత ఉండవు, లేదా నీళ్ల కింద ఉంటాయి. ఈ బేరానికి ఒప్పుకున్నాక ఏ దీవి అని మాట్లాడుకోవచ్చు.

పాలమూరు, నల్లగొండల నుంచి బయలుదేరేవాళ్లకు నేను చెప్పేవి ఐదు దారులు. ఖర్చు రూపాయల్లో చెబితే వచ్చే నెలకే తప్పవుతుంది, మన లెక్కలో చెబుతాను. కొల్లాపూర్ పక్కన సోమశిల దగ్గరి కృష్ణలోని గడ్డలకు (నది మధ్య దీవులకు) కారు డీజిల్, పూట భోజనం. కర్ణాటక తీరంలోని నేత్రాణికి ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ధర. అండమాన్, లక్షద్వీప్ నలుగురి కుటుంబానికి తులం బంగారం అటూఇటుగా. ఆఫ్రికా వైపు సముద్రంలో ఉన్న సేషెల్స్ అంటే పెళ్లికి ఫంక్షన్ హాలు, భోజనాల బిల్లు కలిపినంత. దక్షిణ అమెరికా అవతలి గలపాగస్ అడగకండి, అది ఊరి బయట ప్లాటు అమ్మాల్సిన వ్యవహారం.

ముందు మన కృష్ణలోనే

ఉష్ణమండలపు దీవి అనగానే అందరికీ కొబ్బరిచెట్లు, నీలం నీళ్లు గుర్తొస్తాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ కూడా ఉష్ణమండలంలోనే ఉన్నాయి. మే నెలలో ఆ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. నది మధ్య దీవిని మన దగ్గర గడ్డ అంటారు. గద్వాల దగ్గరి గుర్రంగడ్డలాగా ఊళ్లున్న గడ్డలు వేరు. నేను చెప్పేది శ్రీశైలం వెనుక జలాల్లో, కొల్లాపూర్ దగ్గరి సోమశిల చుట్టుపక్కల ఎండాకాలం బయటపడే చిన్న చిన్న గడ్డల గురించి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. అది నిండినప్పుడు ఇవి కనపడవు. అవతలి ఒడ్డున సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి తేలిందని పేపర్లో వచ్చినప్పుడు, ఈ గడ్డలు కూడా తేలాయని అనుకోండి. నా క్యాలెండర్ అదే.

మహబూబ్‌నగర్ నుంచి రెండున్నర గంటలు. నల్లగొండ వాళ్లకు దేవరకొండ, అచ్చంపేట మీదుగా ఇంకాస్త ఎక్కువ. పడవవాళ్లతో రేవులోనే మాట్లాడుకోవాలి. పెద్ద పడవ వద్దు, ఇంజన్ చప్పుడుకు అన్నీ లేచిపోతాయి. పుట్టి అయితే మంచిది, కానీ లైఫ్ జాకెట్ లేనిదే ఏదీ ఎక్కవద్దు, గాలి లేచే సాయంత్రం పూట అసలే వద్దు.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో ఇలాగే ఒక పుట్టిలో పోతున్నాను. ఇసుక, గులకరాళ్లు తప్ప ఏమీ లేని గడ్డ ఒకటి కనిపించింది. దిగి ఫొటో తీసుకుంటానంటే పుట్టి తిప్పుతున్న మనిషి ఆపాడు. "అటు దిగకున్రి సార్, గుడ్లున్నయ్. కాలు వడ్డా కనవడది." కళ్లు చిట్లించి చూస్తే అప్పుడు కనిపించాయి. ఇసుకలో చెయ్యి వెడల్పు గుంట, అందులో మూడు గుడ్లు, ఇసుక రంగే, పైన గోధుమ మచ్చలు. రివర్ టెర్న్ గుడ్లు. పసుపు ముక్కు, నల్ల టోపీ, ఎర్ర కాళ్ల పక్షి మా తల మీదే అరుస్తూ తిరుగుతోంది. మేము ఇరవై గజాలు వెనక్కి జరిగాక అది నీళ్ల మీదికి దిగి, కడుపు ఈకలు తడుపుకొని వచ్చి, తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. అంత ఎండలో గుడ్లను పొదగడం కన్నా చల్లబరచడమే దానికి పెద్ద పని. మనం అక్కడ పది నిమిషాలు సెల్ఫీలు తీసుకుంటూ నిలబడితే ఆ గుడ్లు ఉడికిపోతాయి. ఆ గడ్డ మీద అడుగు పెట్టకుండా తిరిగొచ్చాను. ఇప్పటిదాకా నేను చూసిన దీవుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

మొసళ్లున్నాయి, కాబట్టి గడ్డల దగ్గర నీళ్లలో దిగి ఈదడం వద్దు. నీటికుక్కలు కనిపిస్తే మీ అదృష్టం. ఇవతలి ఒడ్డున చాలా దూరం అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్లు. పర్మిషన్ లేకుండా ఒడ్డున టెంటు వేసి పడుకుంటామంటే ఫారెస్టువాళ్లు ఊరుకోరు. రాత్రికి సోమశిలలోనే ఉండటం నయం.

నల్లగొండ వాళ్లు వెంటనే అడుగుతారు, మన నాగార్జునకొండ దీవే కదా, అది చాలదా అని. చాలదు. అది చరిత్ర కోసం చూడాల్సిన చోటు. సాగర్ నీళ్ల కింద మునిగిన లోయలో తవ్వి తీసిన బౌద్ధ శిల్పాలు అక్కడున్నాయి, లాంచీ ప్రయాణం బాగుంటుంది, పిల్లలకు తప్పక చూపించండి. జీవాల కోసం మాత్రం కాదు.

నేత్రాణి: సముద్రం మీకు పడుతుందో లేదో

కర్ణాటకలో మురుడేశ్వర్ గుడి దగ్గర ఒడ్డు నుంచి 19 కిలోమీటర్ల దూరంలో నేత్రాణి. మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు, హుబ్బళ్లి మీదుగా కారులో పోతే ఒక రోజు పూర్తిగా రోడ్డు మీదే. దీవి మీద ఎవరూ ఉండరు. మనల్నీ దిగనివ్వరు, పడవ పక్కన ఆగుతుంది, నీళ్లలో దిగాలి. కొండ అంచుల మీద తెల్లపొట్ట సముద్రపు గద్దలు తిరుగుతుంటాయి. కింద పగడాలు, రంగుల చేపలు. స్కూబా డైవింగ్ రానివాళ్లకు ట్రైనర్ పక్కనే పట్టుకొని దింపుతాడు. వానాకాలం మొత్తం బంద్, అక్టోబర్ దాటాక మే వరకు చూసుకోవాలి.

నేను ముగ్గురు కొలీగ్స్‌తో పోయాను. గద్వాల సార్ ఒకాయన తెల్లారి ఇడ్లీ, వడ, పైన పూరీ లాగించి పడవెక్కాడు. గంటన్నర ప్రయాణంలో అరగంటకే పడవ అంచు పట్టుకొని వంగినవాడు మళ్లీ ఒడ్డుకు వచ్చాకే తల ఎత్తాడు. దీవిని ఒక్కసారి కూడా చూడలేదు పాపం. సముద్రం పడనివాళ్లు మాత్ర ఎక్కడానికి ముందు వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. ఏ మాత్ర, ఎంత అనేది మీ డాక్టర్‌ని అడగండి. పొద్దున తేలికగా తినండి. అండమాన్‌కు బంగారమంత డబ్బు పెట్టేముందు మీ ఒంటికి సముద్రం సరిపడుతుందో లేదో తేలాలంటే నేత్రాణి మంచి పరీక్ష. నీళ్లలో దిగడం అసలే ఇష్టం లేనివాళ్లకు మాత్రం ఇది దండగ.

అండమాన్: దీవులు చాలా, అందరూ పోయేది రెండే

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. మన ఊళ్ల నుంచి పోయినవాళ్లలో నూటికి తొంభై మంది పోర్ట్‌బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు చూసి, హ్యావ్‌లాక్, నీల్ దీవుల్లో బీచీలు తిరిగి వచ్చేస్తారు. ఆ దీవుల్లో ఊళ్లున్నాయి, హోటళ్లున్నాయి, స్కూటీలు అద్దెకిస్తారు. వాటిని తప్పు పట్టడం లేదు. కానీ బావ అడిగింది అది కాదు.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. పాలమూరు వాళ్లకు ఒక సుఖం ఏమిటంటే హైదరాబాద్ ట్రాఫిక్‌లో పడకముందే శంషాబాద్ వచ్చేస్తుంది. పోర్ట్‌బ్లెయిర్ పేరును 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని మార్చారు, టికెట్ మీద ఏ పేరున్నా కంగారు పడకండి. బజారులో తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు చాలామంది, మన యాస విని "ఏ ఊరండీ?" అని పలకరిస్తారు.

మనుషుల్లేని దీవుల్లో తేలికైనది జాలీ బాయ్. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వండూరు దాకా 30 కిలోమీటర్ల లోపు రోడ్డు, అక్కడి నుంచి పడవ. ఇది 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో భాగం. రాత్రి ఉండనివ్వరు, పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావాలి. పర్మిట్ ముందే తీసుకోవాలి. చలికాలం, ఎండాకాలం జాలీ బాయ్ తెరిస్తే, వానాకాలంలో దాన్ని మూసి రెడ్ స్కిన్ అనే ఇంకో దీవిని తెరుస్తారు. పగడాలకు కూడా సెలవులు కావాలి. అద్దం అడుగున్న పడవలో కూర్చొని కింద చూడవచ్చు, ఈత రానివాళ్లకూ, పెద్దవాళ్లకూ అది చాలు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలావరకు తెల్లబడిపోయాయి. పాత ఫొటోలు చూసి అంత రంగులు ఆశించి పోతే నిరాశ తప్పదు. చేపలు మాత్రం ఇప్పటికీ కళ్లు తిప్పుకోనివ్వవు.

వండూరు రేవులో మాకు జరిగింది చెప్పాలి. సంక్రాంతి అయిన వారానికి పోయాం కదా, మా ఆవిడ సకినాలు, గారెలు ప్లాస్టిక్ కవర్లలో కట్టి తెచ్చింది. చెకింగ్‌లో ఉన్న అమ్మాయి సంచి తెరిచి కవర్లన్నీ బయట పెట్టింది. ఆ దీవికి ప్లాస్టిక్ పోవడానికి వీల్లేదు. నీళ్ల సీసాకు డబ్బు డిపాజిట్ కట్టి, వచ్చేటప్పుడు సీసా చూపిస్తేనే వెనక్కి ఇస్తారు. సకినాలు ఎక్కడ పెట్టాలో తోచక మా ఆవిడ చివరికి నా కండువాలో మూట కట్టింది. పడవ దిగేసరికి సగం పొడి. అప్పటి నుంచి మా ఇంట్లో దీవి ప్రయాణం అంటే ముందు స్టీలు డబ్బాలు బయటికొస్తాయి. వండూరు బీచీలో మొసళ్ల హెచ్చరిక బోర్డులుంటాయి, అవి షో కోసం పెట్టినవి కావు. ఉప్పునీటి మొసలి మన కృష్ణ మొసలి కన్నా చాలా పెద్దది.

నన్నడిగితే అండమాన్‌లో అసలు పోవాల్సింది పైకి, ఉత్తరానికి, డిగ్లిపూర్‌కు. రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే, రోజంతా పడుతుంది. ఆ దారిలో జారవా అనే ఆదివాసుల అడవి వస్తుంది. వాహనాలన్నీ వరుస కట్టి పోలీసు కాపలాతో పోవాలి, ఆగకూడదు, ఫొటో తీయకూడదు, తినేవి విసరకూడదు. మనుషులను జూలో జంతువుల్లా చూడటం నాకు నచ్చదు కాబట్టి ఓడ దొరికితే ఓడలోనే పొమ్మంటాను. ఓడల టైమింగ్స్ మీద నమ్మకం పెట్టుకోకుండా ఒక రోజు ఎక్స్‌ట్రా ఉంచుకోండి.

డిగ్లిపూర్ దగ్గర ఏరియల్ బే రేవు నుంచి అరగంట పడవలో రాస్, స్మిత్ అనే జంట దీవులు. రెండింటి మధ్య తెల్ల ఇసుక తిన్నె. ఆటు ఉన్నప్పుడు ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచిపోవచ్చు, పోటు వస్తే తిన్నె మునుగుతుంది. స్మిత్‌లో చిన్న పల్లె ఉంది, రాస్‌లో ఎవరూ లేరు. పోర్ట్‌బ్లెయిర్ ఎదురుగా ఇంకో రాస్ ఉండేది. దానికి 2018లో నేతాజీ పేరు పెట్టారు, అక్కడ బ్రిటిష్ శిథిలాలు, చేతిలోంచి తినే జింకలు. ఆ జింకలు తెచ్చి వదిలినవే, అండమాన్ సొంతం కాదు. ప్యాకేజీలో "రాస్ ఐలాండ్" అని రాసి ఉంటే ఏ రాస్ అని అడగండి.

డిగ్లిపూర్‌కు పొమ్మని చెప్పడానికి నా అసలు కారణం తాబేళ్లు. లెదర్‌బ్యాక్, ఆలివ్ రిడ్లే, హాక్స్‌బిల్, ఆకుపచ్చ తాబేలు, నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు అండమాన్ తీరాల్లో గుడ్లు పెడతాయి. డిగ్లిపూర్ పక్కనే కాలీపూర్ బీచీ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి రోజులు. రాత్రి పదకొండు దాటాక ఫారెస్టు గార్డు ఎర్ర లైటుతో మమ్మల్ని పిలిచాడు. తెల్ల టార్చి, ఫోన్ లైటు రెండూ బంద్. పిల్ల తాబేళ్లు వెలుగున్న వైపు పాకుతాయి, మన ఫోన్ వెలుగును సముద్రమనుకుంటే వాటి గతి అంతే. తల్లి తాబేలు వెనక కాళ్లతో గుంత తవ్వుతోంది, మన ఆడవాళ్లు గరిటెతో పిండి తీసినట్టే, ఒక్కో కాలితో కాస్త కాస్త. తర్వాత ఒక్కొక్క గుడ్డు, తెల్లగా, పింగ్‌పాంగ్ బంతి అంత. దాని కళ్లలోంచి నీళ్లు కారుతుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకొని "పురిటి నొప్పులు గదా, పాపం" అంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును తాబేలు కంటి దగ్గరి గ్రంథి నుంచి బయటికి పంపుతుంది, ఆ నీళ్లు అవి. క్లాసులో ఇరవైసార్లు చెప్పిన పాఠం. ఆ రాత్రి చెప్పబుద్ధి కాలేదు.

ఇక బారెన్, నార్కొండం. ఈ రెండింటి పేర్లు చెప్పి ఏజెంట్లు ఊరిస్తారు. బారెన్ మన దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం. నూటయాభై ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. పడవలోంచి చూడటమే, దిగడం లేదు. నార్కొండం ఇంకా దూరం. ఏడు చదరపు కిలోమీటర్లు అటూఇటుగా ఉండే ఆ దీవిలో ఉండే హార్న్‌బిల్ పక్షి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పోలీసు ఔట్‌పోస్టు తప్ప జనం లేరు, టూరిస్టులకు దారి లేదు. మా మొదటి ప్రయాణానికి ముందు సిటీలో ఒక ఏజెంట్ "బారెన్‌లో దించి లావా రాళ్ల మీద ఫొటోలు తీయిస్తాం" అని నా దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. తీరా పోయే వారం ముందు "వెదర్ బాగాలేదు" అన్నాడు. నిజమేంటంటే దించడం ఎప్పుడూ లేదు. అడ్వాన్సులో సగమే తిరిగొచ్చింది. సైన్సు సారును, నేనే ముందు చదువుకోవాల్సింది.

నార్త్ సెంటినెల్ గురించి కుర్రాళ్లు అడుగుతుంటారు. అది మనుషుల్లేని దీవి కాదు, మనల్ని వద్దన్న మనుషుల దీవి. దగ్గరికి పోవడమే నేరం. 2018లో దొంగతనంగా పోయిన ఒక అమెరికన్ ప్రాణం పోగొట్టుకున్నాడు.

లక్షద్వీప్: నేల మీద కొబ్బరి, నీళ్లలో సంపద

కొచ్చి దాకా పోయి, అక్కడి నుంచి అగట్టికి విమానం, లేదంటే ఓడ. ముందు ఎంట్రీ పర్మిట్ కావాలి. దాని కోసం పోలీసు క్లియరెన్స్, ఫారాలు, కాస్త తిరుగుడు. ముప్పైకి పైగా దీవుల్లో జనం ఉండేవి పది. బంగారం అనే దీవిలో ఊరు లేదు, టూరిస్టుల కోసం బస ఉంది. మన ఆడవాళ్లకు పేరు చెప్పగానే నచ్చేస్తుంది. పిట్టి అని ఇంకో దీవి ఉంది, అది నిజంగానే పిట్టల దీవి. చెట్టు లేని ఇసుక దిబ్బ మీద వేలకొద్దీ సముద్రపు టెర్న్‌లు గూళ్లు పెడతాయి. పేరు కలవడం యాదృచ్ఛికమే. దాని మీద దిగుదామని మాత్రం ప్లాన్ వేయకండి.

అండమాన్‌తో పోలిస్తే తేడా చెబుతాను. అండమాన్‌లో నేల మీద చిక్కటి అడవి ఉంది, పక్షులున్నాయి, పాములున్నాయి, వానకు జలగలున్నాయి. లక్షద్వీప్‌లో నేల అంటే చాలావరకు కొబ్బరి తోట. మొత్తం దీవులన్నీ కలిపి 32 చదరపు కిలోమీటర్లు, మన జిల్లాల్లో ఒక మోస్తరు మండలం కూడా ఇంతకన్నా పెద్దది. కానీ లోపలి కడలి, వాళ్లు లగూన్ అంటారు, మోకాలి లోతు నుంచే అద్దంలా ఉంటుంది. అగట్టి దగ్గర ఆకుపచ్చ తాబేళ్లు సముద్రపు గడ్డి మేస్తుంటాయి, మన చెరువు శిఖంలో బర్రెలు మేసినట్టే. తల నీళ్లలో పెట్టి మాస్కుతో చూస్తే చాలు. చిన్నపిల్లలు, అలలకు భయపడే పెద్దవాళ్లు ఉంటే నా ఓటు లక్షద్వీప్‌కే. పక్షులు, అడవి కావాలంటే అండమాన్.

సేషెల్స్, గలపాగస్: పైసలుంటే

నేను పోలేదు. చదివి, పోయొచ్చినవాళ్లతో మాట్లాడి చెబుతున్నాను. సేషెల్స్‌లో వందకు పైగా దీవులు, భారతీయులకు వీసా అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి. అందరూ బీచీలకు పోతారు. మీరు కజిన్ అనే బుల్లి దీవి అడగండి. ఒకప్పుడు అదంతా కొబ్బరి తోట. సేషెల్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ప్రపంచం మొత్తంలో ముప్పై కూడా మిగలకుండా పోయి, ఉన్నవన్నీ ఈ ఒక్క దీవిలోనే ఉన్నప్పుడు, 1968లో పక్షుల సంరక్షణ సంస్థ ఒకటి దీవిని కొనేసింది. కొబ్బరి తగ్గించి పాత అడవిని పెరగనిచ్చారు. ఇప్పుడా పిట్టలు పక్క దీవులతో కలిపి వేలల్లో ఉన్నాయి. టూరిస్టు పడవ ఒడ్డుకు పోదు. మధ్యలో ఆపి, దీవి వాళ్ల సొంత పడవలోకి ఎక్కించుకొని తీసుకెళ్తారు, మన పడవలో ఎలుక వస్తుందేమోనని. దిగనిస్తూ, జీవాలనూ కాపాడుకుంటున్న దీవి నాకు తెలిసి ఇలాంటిది ఇంకోటి అరుదు. మా బావ "రెండూ" అన్నాడే, అది దొరికేది ఇక్కడ. అదే దేశంలో అల్డాబ్రా ఉంది, లక్ష పెద్ద తాబేళ్ల దీవి. ప్రధాన దీవి నుంచి వెయ్యి కిలోమీటర్లు దాటి ఉంటుంది, దాన్ని కల అనుకుని వదిలేయండి.

గలపాగస్ మీద ఎక్కువ రాయను. ఈక్వడార్ తీరం నుంచి వెయ్యి కిలోమీటర్లు, లైసెన్సున్న గైడు లేకుండా పార్కులో చాలాచోట్ల అడుగు పెట్టలేరు, పార్కు రుసుమే విదేశీయులకు 2024 నుంచి 200 డాలర్లు. జంతువులు మనిషిని చూసి కదలవు, నిజమే. కానీ విమానాల్లోనే రెండు రోజులు పోయి రావడం, ఆ డబ్బు... మీరు అమెరికాలో కొడుకు దగ్గరికి పోయినప్పుడు అక్కడి నుంచి ఆలోచించండి.

డబ్బు కట్టే ముందు

ఏజెంట్‌ను మూడు ప్రశ్నలు అడగండి. దీవి మీద దిగుతామా, పడవలోనే ఉంటామా? పర్మిట్ ఎవరు తీస్తారు, నా పేరు మీద కాగితం చూపిస్తారా? వాతావరణం బాగాలేక పడవ పోకపోతే డబ్బు ఎంత తిరిగొస్తుంది? మూడోదానికి "అలా జరగదు సార్" అన్నవాడిని అక్కడే వదిలేయండి. బంగాళాఖాతంలో అక్టోబర్, నవంబర్ తుపాన్ల రోజులు. దసరా సెలవుల్లో అండమాన్ టికెట్లు తీసుకొని టీవీలో వాయుగుండం చూస్తూ టెన్షన్ పడేకన్నా, సంక్రాంతి తర్వాత పోవడం మేలు.

గవ్వలు, పగడపు ముక్కలు తేవద్దు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి, పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉంది. విమానాశ్రయంలో సంచి స్కాన్‌లో పట్టుకుంటారు. పిల్లలు ఏరుకున్నవి రేవులోనే తిరిగి నీళ్లలో వేయించండి, ఏడ్చినా సరే. బూట్ల అడుగున మన మట్టి, గడ్డి గింజలు లేకుండా ఇంట్లోనే కడుక్కొని పోండి.

బావ చివరికి డిగ్లిపూర్ ఒప్పుకున్నాడు. ఫిబ్రవరికి రెండు కుటుంబాలకు టికెట్లు తీశాం, వెనక్కి వచ్చే విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచాం. అది అయ్యాక పిల్లలను సోమశిల కూడా తీసుకుపోదామంటే "అది ఇక్కడే గదా, ఎప్పుడైనా పోవచ్చు" అన్నాడు. ఎప్పుడైనా కాదు, ఏప్రిల్ వరకు ఆగమన్నాను, సంగమేశ్వరం తేలాలి. ఈలోగా మా చెల్లెలు నిన్న ఫోన్ చేసి అడిగింది, సకినాలకు రెండు కిలోల స్టీలు డబ్బా సరిపోతుందా, ఐదు కిలోలది తెమ్మంటావా అని.